మన ప్రార్థన సహవాసం వార్షిక నివేదిక

సహవాస సభ్యులందరికీ ప్రభువు నామంలో వందనాలు.

జనవరి 1న చీకటితోనే ఒంగోలు ప్రార్థన కొండ ఎక్కి మన సంవత్సరం మొదలుపెట్టాం. ఈస్టర్‌కు ముందు శ్రమల దినాల్లో 40 రోజులూ ఇంటింటి కూడికలు నిండుగా జరిగాయి. ఉజ్జీవ కూడికల మూడు రాత్రులూ చాపలు చాలక చాలామంది వాకిట్లోనే కూర్చున్నారు. ఈస్టర్ దాటాక జనం పలచబడ్డారు. జూన్‌లో ఒక బుధవారం ప్రార్థనకు ముగ్గురమే ఉన్నాం. తప్పెవరిదని కమిటీలో మాటామాటా పెరిగింది కూడా.

ఆ వేడి చల్లారాక, కొండ మీద చెప్పుకున్న చరిత్రే మళ్లీ ముందుకొచ్చింది. నెల్లూరు కేంద్రంగా నడిచిన తెలుగు బాప్టిస్టు మిషన్‌కు ఏళ్ల తరబడి పెద్దగా ఫలం లేదు. 1853లో అమెరికాలో మిషన్ పెద్దలు దాన్ని మూసేద్దామా అని ఆలోచించారు. 1854 జనవరి 1న ఆ మిషనరీలు జూయెట్ దంపతులూ, మరి ముగ్గురూ ఆ కొండ మీద ప్రార్థించినప్పుడు చేతిలో చూపించుకోడానికి ఏమీ లేదు. ఒంగోలులో సంఘం ఏర్పడింది 1867లో, ఎనిమిది మందితో. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకం పని కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు కూలి పని ఇచ్చారు. గంజి కోసం విశ్వాసంలోకి వచ్చారనే మాట రాకూడదని కరువు కాలంలో బాప్తిస్మాలు ఆపేశారు. ఆ తర్వాత, 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మనం ఎప్పుడూ ఆ 2222నే చెప్పుకుంటాం. ఈ ఏడాది నన్ను పట్టుకున్నది ఆ ముందరి ఏళ్లు. ఆ ఏళ్లలో ప్రార్థించినవాళ్లలో ఎంతమందికి మనసు ఎండిపోయి ఉంటుందో!

ఇక్కడ ఒక తప్పు ఒప్పుకోవాలి. సాక్ష్యాల కూడికలో, కొడుకుని పోగొట్టుకున్న మన సహోదరి ఒకామె "నాకు ప్రార్థన రావడం లేదు" అని లేచి చెప్పింది. మనలో ఒకరు "విశ్వాసం తగ్గిందమ్మా, ఉపవాసం ఉండు" అన్నారు. ఆమె మళ్లీ రాలేదు. సహవాసం తరఫున ఆమెకు క్షమాపణ చెప్పాం.

ఆగస్టులో ఇద్దరం వాళ్లింటికి వెళ్లాం. వాక్యం చెప్పాలని బైబిలు పట్టుకెళ్లాను, కానీ తెరవలేదు. ఆమె చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. మేమూ చేటలో చెయ్యి పెట్టాం. చాలాసేపటికి ఆమే అంది: "వదినా, పాట నోటిదాకా వస్తది, గొంతులో ఆగిపోతది." "ఆగనీ, నీ బదులు మేం పాడతాంలే" అన్నాను. అప్పటినుంచి ప్రతి శనివారం ఎవరో ఒకరు ఆమె దగ్గర కూర్చుంటున్నారు. అక్టోబరులో ఒక బుధవారం వచ్చి, వెనక గోడకు ఆనుకుని కూర్చుని, ప్రార్థన చేయకుండానే వెళ్లింది. ఆ రోజు నాకు ఏడుపు ఆగలేదు.

బైబిలు పఠనానికి ఈసారి 1 రాజులు 18, 19 అధ్యాయాలు తీసుకున్నాం. కర్మెలు కొండ మీద తన ప్రార్థనకు అగ్ని దిగిన మరునాడే అన్నట్టు ఏలీయా ప్రవక్త బదరీ వృక్షం కింద చావు కోరుకున్నాడు. దేవదూత మందలించలేదు. నిద్రపోనిచ్చి, లేపి, రొట్టె నీళ్లు పెట్టాడు, అదీ రెండుసార్లు. 88వ కీర్తన కూడా చదివాం, అది చీకటి మాటతోనే ముగుస్తుంది. అలాంటి కీర్తనను బైబిల్లో ఉంచినందుకు దేవునికి స్తోత్రం అని ఒక పెద్దాయన అన్నారు.

ఒక మనవి. నెలల తరబడి నిద్ర పట్టక, తిండి సహించక, బతకాలనిపించకపోతే డాక్టరుకు చూపించండి. మాత్రలు వేసుకోవడం అవిశ్వాసం కాదు. మనసు బాధలకు సాయం చేసే ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416కు ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు.

జమాఖర్చులు నోటీసు బోర్డులో పెట్టాం. చాపలూ, దీపాల ఖర్చూ పోను మిగిలిన సొమ్ము పరామర్శలకు ఆటో కిరాయిగా వాడాలని కమిటీ తీర్మానించింది.

రాబోయే జనవరి 1న కొండ ఎక్కలేనివాళ్లు కింద చెట్ల దగ్గర కూర్చోవచ్చు, అక్కడా చాపలు వేస్తాం. ఆ సహోదరి వస్తానంది. ఆమెను తీసుకురావడానికి తెల్లవారుజామున నాలుగింటికి నేను వెళ్తున్నాను, ఆటోలో ఇంకొకరికి చోటుంది.

మీ కార్యదర్శి