వార్తాలేఖ: ప్రోగ్రెస్ కార్డులో ర్యాంకు గడి ఏమైంది?

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

శనివారం ఎఫ్.ఏ.-1 (మొదటి ఫార్మేటివ్ అసెస్‌మెంట్, అంటే చదువు సాగుతుండగానే చేసే మూల్యాంకనం) కార్డులు ఇచ్చాం. ఆ రాత్రి పదకొండు దాటినా వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే గోల: "ర్యాంకు గడి ఏది?" అచ్చుతప్పు కాదండీ, మేమే తీసేశాం. ఆ చోట 'వచ్చింది', 'ఇంకా రావాల్సింది' అని రెండు గడులు పెట్టి, టీచర్లు ఒక్కొక్కరికీ చేత్తో రాశారు. అవి చదివి ఫోన్ చేసినవాళ్లు ఇప్పటికి ముగ్గురు.

ఎఫ్.ఏ.లో 20 మార్కులూ పరీక్షకే కాదు. క్లాసులో పాల్గొనడం, సొంతంగా రాసిన నోట్సు, ప్రాజెక్టు, స్లిప్ టెస్ట్ అనే చిన్న రాత పరీక్ష, వీటికి ఐదేసి. స్లిప్ టెస్ట్ చెప్పకుండా పెట్టారని కొందరికి కోపం. చెప్పి పెడితే ట్యూషన్‌లో బట్టీ పట్టింది బయటికొస్తుంది, పిల్లలకు తెలియనిది లోపలే ఉండిపోతుంది. మాకు కావాల్సింది ఆ తెలియనిదే. ఆరో తరగతిలో 3/4కి 1/2 కలపమంటే చాలామంది 4/6 అన్నారు. పైవి పైవాటితో, కిందివి కిందివాటితో కలిపేశారు. కలిపాక వచ్చింది 3/4 కన్నా తక్కువని ఎవరికీ తట్టలేదు! మర్నాడు లెక్కల టీచర్ చపాతీలు తెచ్చి, నాలుగేసి ముక్కలు చేయించారు. మూడు ముక్కలు, ఇంకో రెండు ముక్కలు, మొత్తం ఐదు పావులు. వారం తర్వాత అదే లెక్క మళ్లీ ఇస్తే తప్పు చేసింది ఇద్దరే. విద్యాహక్కు చట్టం, 2009లోని 29వ సెక్షన్ అడిగే నిరంతర సమగ్ర మూల్యాంకనం, అంటే పిల్లలకు ఏం వచ్చిందో, ఏం రాలేదో ఎప్పటికప్పుడు చూసుకోవడం, ఇదే. ర్యాంకు చూసి ఏ టీచరైనా చపాతీ తెస్తారా?

ఎనిమిదో తరగతిలో ఓ అబ్బాయి ఉన్నాడు. రాతలో తప్పులెక్కువ, వెనక బెంచీ. ప్రాజెక్టు కోసం నానమ్మను వెంటబెట్టుకుని ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు దగ్గరికి వెళ్లొచ్చాడు. 1908 మూసీ వరదలో దాదాపు 150 మంది ప్రాణాలు కాపాడిన చెట్టది. ఆ వరద వల్లే గండిపేట చెరువు కట్టాల్సి వచ్చిందని కాగితం చూడకుండా చెప్తుంటే, వెనక నిలబడి విన్నాను. ఐదుకి ఐదు. ఆ పక్క టేబుల్ మీద షాపులో కొన్న థర్మకోల్ అగ్నిపర్వతాలు నాలుగు, అచ్చం ఒకేలా. ఇంట్లో చేసినవీ ఉన్నాయి. ఓ నాన్నగారి చేతిపని అద్భుతం, కానీ ఆయన మా స్టూడెంట్ కారు.

లాల్‌దర్వాజా బోనాల మర్నాడు సోమవారం సెలవు. ఐడీ కార్డులు, బస్ ఫీజు సంగతి డైరీలో రాయించాం, చూడగలరు.

వచ్చే శనివారం పది గంటలకు పేరెంట్స్ మీటింగ్. కార్డుతో పాటు నోట్సు కూడా తీసుకురండి. దయచేసి ముందురోజు రాత్రి కూర్చుని అందులోని తప్పుల్ని రబ్బరుతో చెరపకండి. మీటింగులో మనం మాట్లాడుకోవాల్సింది వాటి గురించే.

మీ
ప్రధానోపాధ్యాయురాలు