బాథర్స్ట్ కొండకు పోవాల్సిన బిడ్డకు

అచ్చంపేట

బిడ్డా,

ఆదివారం ఫోన్‌లో నీ గొంతు విన్నప్పటి నుంచి నాకు మనసు నిలకడగా లేదు. అమ్మకు ఏమీ చెప్పలేదు. మూడు నెలలుగా చక్రాలు కడగడం, షెడ్డు ఊడ్వడమే పని అన్నావు. ఇంజిన్ దగ్గరికి రానివ్వడం లేదన్నావు. 'నువ్వెక్కడి దానివి' అని అడిగినవాళ్లే మళ్లీ అడుగుతున్నారట. అక్టోబర్‌లో మీ రేసింగ్ టీంతో ఆస్ట్రేలియాలోని బాథర్స్ట్ కొండ మీద జరిగే కారు రేసుకు పోవాలా వద్దా అని కూడా అన్నావు. అప్పుడు నాకు మాట తోచలేదు, అందుకే రాస్తున్నాను.

నువ్వు పంపిన పాత రేసుల వీడియోల్లో అలన్ మొఫాట్ అనే డ్రైవర్ ఉన్నాడు కదా, ఆయన గురించి రెండు రాత్రులు కూర్చుని చదివాను. 1939లో కెనడాలో పుట్టి, కుర్రతనంలో అమ్మానాన్నలతో ఆస్ట్రేలియా వచ్చాడు. ఆయనకూ అది పరాయి దేశమే. 1969లో బాథర్స్ట్‌లో టైర్లు అరిగాయేమోనని ముందే పిట్‌లోకి, అంటే రేసు మధ్యలో టైర్లు మార్చే చోటికి, పిలిచారు. తీరా చూస్తే టైర్లు బాగానే ఉన్నాయి, రేసు మాత్రం చేజారింది. మరుసటి ఏడు అదే కొండ మీద గెలిచాడు. 1971లో ఎగిరొచ్చిన అట్టపెట్టె ఒకటి కారు ముందర గ్రిల్‌కు అతుక్కుపోయింది. రేడియేటర్‌కు గాలి ఆడకపోతే ఏమవుతుందో నాకు తెలుసు, చదువుతుంటేనే టెన్షన్ వచ్చింది. ఆయన ఆగలేదు, గెలిచాడు.

ఎర్ర మస్టాంగ్ కారుతో 151 రేసుల్లో దిగి 101 గెలిచాడట. అయినా ఆ బండితో దేశం ఛాంపియన్‌షిప్ దక్కలేదు. మొదటిది 1973లో ఫాల్కన్ కారుతో వచ్చింది. మొత్తం నాలుగుసార్లు ఛాంపియన్, బాథర్స్ట్ కూడా నాలుగుసార్లు.

నన్ను కదిలించింది 1977 బాథర్స్ట్ రేసు. ఆయనతోపాటు కారు నడిపింది బెల్జియం డ్రైవర్ జాకీ ఇక్స్. చివరికొచ్చేసరికి వాళ్ల కారు బ్రేకులు దాదాపు అయిపోయాయి. వెనకే అదే టీం రెండో కారులో కాలిన్ బాండ్ ఉన్నాడు, తలుచుకుంటే దాటిపోవచ్చు. కానీ అది మొఫాట్ సొంత టీం, బాండ్ దాటలేదు. రెండు కార్లూ జంటగా గీత దాటాయి, మొఫాట్‌ది ముందు. బయటి నుంచి వచ్చిన మనిషి అప్పటికి టీంకు యజమాని అయ్యాడు చూడు.

ఆ కొండ ఎత్తు తేడా 174 మీటర్లు, ఒక్క ల్యాపు 6.2 కిలోమీటర్లు. ఇప్పుడు 161 సార్లు ఎక్కి దిగాలి. నాకు మన దోమలపెంట ఘాట్ గుర్తొచ్చింది. నేను బస్సుల షెడ్డులో పని నేర్చుకుంటున్న రోజుల్లో, శ్రీశైలం పోయొచ్చిన బస్సు వెనక చక్రం నుంచి ఒకసారి కాలిన వాసన వస్తోంది. బ్రేకు డ్రమ్ము విప్పితే లోపల రాసుకునే పట్టీ, అదే లైనర్, అద్దంలా మెరుస్తోంది. దిగేటప్పుడు డ్రైవర్ గేరు తగ్గించలేదు, దారంతా కాలు బ్రేకు మీదే పెట్టాడు. సీనియర్ల కంటే ముందు ఆ సంగతి నేనే చెప్పాను. ఎందుకంటే అప్పటికి రెండేళ్లుగా నాతో డ్రమ్ములు తుడిపిస్తున్నారు. వందల లైనర్లు చేతిలోకి తీసుకుని చూసినవాణ్ని నేనొక్కణ్నే. ఆ రోజు నుంచి నన్ను పిలిచి అడగడం మొదలుపెట్టారు.

వలస మనకు కొత్త కాదు బిడ్డా. మీ తాత గుంపు మేస్త్రి వెంట పోయి నాగార్జునసాగర్‌లో రాళ్లు మోశాడు. ఎక్కడోడివని అడిగితే పాలమూరోణ్ని అని తలెత్తి చెప్పేవాడు. నువ్వూ అట్లనే చెప్పు.

బాథర్స్ట్‌కు పో. చక్రాలు కడిగే పనే ఇచ్చినా పో. కడిగే ముందు ఒక్కో చక్రం మీద బ్రేకు అరిగిన నల్ల పొడి ఎంతుందో చూసి నోటుబుక్కులో రాసుకో. ముందు చక్రాల మీద వెనకవాటి కంటే ఎక్కువ ఉండటం మామూలే. ముందువాటిలోనే కుడికీ ఎడమకూ బాగా తేడా కనిపిస్తే, ఒక పక్క బ్రేకును నొక్కే క్యాలిపర్ పట్టేసి ఉండొచ్చు. అది మీ చీఫ్ మెకానిక్‌కు చెప్పు, వింటాడో లేదో తర్వాత సంగతి.

అమ్మ చింతకాయ తొక్కు కట్టి పెట్టింది, వచ్చే వారం పంపుతాం. ప్రాక్టీసు అయ్యాక ఫోన్ చెయ్. ముందు చక్రాల పొడిలో తేడా ఉందో లేదో చెప్పు. ఏ టైమైనా సరే, ఎత్తుతా.

మీ నాయన