వాయించినవారికి వాటా ఏది?

సంపాదకులకు నమస్కారం.

మీట నొక్కితే అసలు వాద్యాల శబ్దాలు పలికించే సాఫ్ట్‌వేర్ గురించి పత్రికల్లో వచ్చే వార్తల్లో కంపెనీల పేర్లే కనిపిస్తాయి. వడపళనిలో సౌండ్ ఇంజినీరుగా పనిచేస్తున్న నాకు ఆ శబ్దాల వెనుక ఊపిరి ఎవరిదో తెలుసు కనుక ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఇటీవల చీరాల వైపు నుంచి వచ్చిన ఒక నాదస్వర విద్వాంసుడు శాంపిళ్ల కోసం, అంటే అలాంటి సాఫ్ట్‌వేర్‌లో వాడే స్వరాల ముక్కల కోసం, మా దగ్గర వాయించారు. ఒక్కో స్వరం మెల్లగా, ఒక మోస్తరుగా, బిగ్గరగా. మళ్లీ అదే స్వరం నాలుగైదు సార్లు, ఎందుకంటే ఒకే ముక్క పదేపదే వినిపిస్తే యంత్రమని శ్రోత పసిగట్టేస్తాడు. ఆ తర్వాత జారుడు, గమకాలు. రెల్లు పీక ఆరిపోయినప్పుడల్లా తడిపి మళ్లీ మొదలు. సాయంత్రానికి ఆయన పెదవులు వాచిపోయాయి. అప్పుడు ఒక రోజు పారితోషికంతో పాటు ఇంగ్లీషులో ఒక పేజీ ఒప్పందం ఆయన చేతిలో పెట్టారు. సమస్త హక్కులు, శాశ్వతంగా, ప్రపంచమంతటా, ఇకమీద రాబోయే ఏ సాంకేతికతకైనా! అర్థం విడమరిచి చెప్పాను. ‘రైలు వేళయింది బాబూ’ అంటూ సంతకం చేసి వెళ్లిపోయారు.

‘శాశ్వతంగా’, ‘ప్రపంచమంతటా’ అని ఊరికే రాయరు. కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదిలీ పత్రంలో గడువు రాయకపోతే అది ఐదేళ్లే, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. ప్రదర్శన కళాకారుల హక్కుకూ ఇది వర్తిస్తుంది. ప్రదర్శనను వ్యాపారానికి వాడుకుంటే రాయల్టీ ఇవ్వాలని 2012 సవరణలో వచ్చిన 38ఎ సెక్షన్ చెబుతోంది.

ఇలాంటి ముక్కలన్నీ కూర్చి అమ్మే లైబ్రరీ ఏదైనా, వాటిని పలికించే ఉచిత సాఫ్ట్‌వేర్ అయిన జర్మనీలోని నేటివ్ ఇన్‌స్ట్రుమెంట్స్ కంపెనీ వారి కాంటాక్ట్ ప్లేయర్‌లో పూర్తిగా పలకాలంటే తయారీదారు ఆ కంపెనీకి లైసెన్సు రుసుము కట్టాలి. అది న్యాయమే. శబ్దాన్ని పలికించే సాఫ్ట్‌వేర్‌కు దక్కే గౌరవం శబ్దం ఇచ్చిన మనిషికీ దక్కాలి. లైబ్రరీ కొన్న సంగీత దర్శకుడు పాటపాటకూ డబ్బు కట్టాలని నేను అడగడం లేదు, ఆ బెడద లేకపోవడమే దాని సౌలభ్యం. లైబ్రరీ అమ్మకంలో వాయించినవారికి వాటా రావాలి, అంతే. కృత్రిమ మేధకు శిక్షణ ఇవ్వడానికి అవే ముక్కలు వాడదలిస్తే దానికి వేరే ఒప్పందం, వేరే ధర ఉండి తీరాలి.

చెన్నై స్టూడియో యజమానులు, వాద్యకారుల సంఘాలు కలిసి కూర్చుని ఒక నమూనా ఒప్పందం తయారుచేయాలి. అది కళాకారుడి భాషలో ఉండాలి, రికార్డింగుకు కనీసం వారం ముందే ఆయన ఇంటికి చేరాలి.

ఒక సౌండ్ ఇంజినీరు,
వడపళని, చెన్నై