తరగతిలో కులం పిలవకండి

సంపాదకుడు గారికి,

బళ్లు తెరిచిన కొన్నాళ్లకే స్కాలర్‌షిప్ ఫారాల పని టీచర్ల మీద పడుతుంది. నారాయణపేట వైపు సర్కారు బళ్లలో ఇరవై ఏండ్లకు పైగా చెప్పి రిటైరైన నేను ఆ పని ఎప్పుడూ ఒకే తీరుగా చేశాను. తరగతిలోకి పోయి "ఎస్సీ పిల్లలు లేవండి" అనేవాణ్ని. లెక్క తొందరగా తేలుతుంది కదా!

ఒక ఏడు తొమ్మిదో తరగతిలో ఆరుగురు లేచారు. లెక్కల్లో అందరికన్నా ముందుండే పిల్లవాడు మాత్రం పెన్ను మూత పడ్డట్టు బెంచీ కిందికి వంగాడు. పక్కవాడు ఊరుకోలేదు. "సార్, వీడు గూడ." అప్పుడు లేచాడు. అమ్మానాయినలు పూణెలో మట్టిపనికి పోతే అవ్వ దగ్గర ఉండి చదువుకునేవాడు. దోస్తులకు మాత్రం "మా నాయిన పూణెల కంపెనీల చేస్తడు" అని చెప్పేవాడట. కులం ఒకటి, కూలి ఒకటి. రెండూ దాచుకోవాల్సినవని పధ్నాలుగేళ్లకే వాడికి ఎవరు నేర్పారో నేను వెతకనక్కర్లేదు.

మనిషిని వేరుచేసి చూపడంలో అమెరికాలో చర్మం రంగు చేసే పని ఇక్కడ ఇంటిపేరు, ఉండే గేరి (వాడ) చేస్తాయి. ఆర్థికవేత్తలు కార్లా హాఫ్, ప్రియాంకా పాండే 2004లో ప్రచురించిన పరిశోధన ఒకటి ఉంది. ఉత్తరప్రదేశ్ పల్లెల్లో 6, 7 తరగతుల మగపిల్లలకు చిక్కుదారి పజిళ్లు ఇచ్చారు. కులం బయటపెట్టనప్పుడు దళిత పిల్లలు మిగతావాళ్లతో సమానంగా చేశారు. అందరి ముందు పేరు, ఊరు, కులం చదివాక వాళ్లు పూర్తిచేసినవి బాగా తగ్గాయి. పజిల్ మారలేదు, పిల్లలకు తెలివీ తగ్గలేదు.

కులం అడగొద్దని నేననడం లేదు. 2024 నవంబరులో తెలంగాణ కులసర్వేకు టీచర్లూ ఇండ్లిండ్లు తిరిగారు. లెక్క లేకుంటే వాటా ఎట్లా అడుగుతాం? కానీ ఇంటి గడపలో అడగడం వేరు, తరగతిలో నిలబెట్టడం వేరు. బడిలో చేరిన రోజే అడ్మిషన్ రిజిస్టర్లో కులం రాసుకుంటాం. పేర్లు అందులోంచి తీసి, ఒక్కొక్కరినీ ఆఫీసు గదికి పిలిచి ఫారం ఇవ్వొచ్చు. పైసా ఖర్చు లేదు. విద్యాశాఖ సర్క్యులర్ ఇస్తే మంచిదే, అది వచ్చేదాకా హెచ్ఎంలు ఆగాల్సిన పనీ లేదు.

ఆ పిల్లవాడు ఆదాయం సర్టిఫికెట్ తేలేదు. మీసేవకు పోయి తెచ్చుకొమ్మని రెండుసార్లు చెప్పి ఊరుకున్నాను. ఆ ఏటి జాబితాలో వాడి పేరు లేదు. అర్ధ సంవత్సర పరీక్షల నాటికి వెనక బెంచీలో కూర్చుంటున్నాడు.

– ఒక రిటైర్డ్ టీచర్, నారాయణపేట