పిస్టన్ డబ్బా మీది అంకె మీ ఇంజిన్‌ది కాదు

సంపాదకులకు నమస్కారం.

పాత కార్ల ఇంజిన్లకు బలం పెంచడం గురించి మీ వాహనాల పేజీలో వచ్చిన వ్యాసం చదివాం. తల గుంటగా ఉండే డిష్ పిస్టన్లు తీసి, తల చదునుగా ఉండే ఫ్లాట్ పిస్టన్లు వేస్తే కంప్రెషన్ (పిస్టన్ మిశ్రమాన్ని ఎన్నో వంతుకు నొక్కుతుందో చెప్పే నిష్పత్తి) 8 నుంచి 9.5కి చేరుతుందని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఆ 9.5 పిస్టన్ డబ్బా మీద అచ్చేసిన అంకె. తయారీదారు మనసులో అనుకున్న హెడ్‌కి (సిలిండర్ల పై మూత), గ్యాస్కెట్‌కి (హెడ్‌కీ బ్లాక్‌కీ మధ్య పెట్టే పలక), బ్లాక్ ఎత్తుకి మాత్రమే అది సరిపోతుంది. మన ముందు విప్పి ఉన్న ఇంజిన్‌కి ఎంత వస్తుందో కొలిస్తేనే తెలుస్తుంది.

బోర్ (సిలిండర్ లోపలి వెడల్పు) 80, స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 80 మి.మీ. అనుకుందాం. ఒక్కో సిలిండర్ 402 సీసీ. పిస్టన్ పైకొచ్చి ఆగాక మిగిలే జాగా ఇదీ: హెడ్ గుంట 40 సీసీ, బిగించాక 1.2 మి.మీ. మందం ఉండే గ్యాస్కెట్‌లో 6.3, పిస్టన్ తల మీది డిష్‌లో 7, పిస్టన్ బ్లాక్ అంచుకు 0.8 మి.మీ. కిందే ఆగడం వల్ల మరో 4. మొత్తం 57.3. దీన్ని 402కి కలిపి, మళ్లీ దీంతోనే భాగిస్తే 8.0 వస్తుంది. ఇప్పుడు గజన్ పిన్ (పిస్టన్‌ను కనెక్టింగ్ రాడ్‌కు కలిపే కడ్డీ) నుంచి తల దాకా 0.6 మి.మీ. ఎత్తు ఎక్కువున్న ఫ్లాట్ పిస్టన్ వేస్తే డిష్ పోయి వాల్వ్ పాకెట్ల (వాల్వులు తగలకుండా పిస్టన్ తలలో చేసిన గుంటలు) 2 సీసీ మిగులుతుంది, అంచు దగ్గరి 4 కాస్తా 1 అవుతుంది. మొత్తం 49.3, నిష్పత్తి 9.15. డబ్బా మీది 9.5 రావాలంటే హెడ్ గుంట 38 ఉండాలి. అదే, గతంలో ఎవరో రెండుమూడుసార్లు ఫేసింగ్ (అడుగు చదును చేయడానికి లోహం గీయడం) చేయించిన హెడ్ అయి గుంట 35కి దిగి ఉంటే, అవే పిస్టన్లతో 10 దాటిపోతుంది. పాత బండ్లలో అసలు ప్రమాదం ఇదే.

కొలవడం కష్టమేం కాదు. వాల్వులు, ప్లగ్ బిగించి ఉంచి హెడ్ తిరగేసి, గుంట చుట్టూ పల్చగా గ్రీజు రాసి, చిన్న రంధ్రం ఉన్న అక్రిలిక్ పలక అంటించాలి. చివరి గాలి బుడగ రంధ్రం దగ్గరికే చేరేలా హెడ్‌ను ఒకవైపు కాస్త ఎత్తిపెట్టి, బ్యూరెట్‌తో రంగు కలిపిన కిరోసిన్ పోయాలి. పోస్తుండగా మట్టం తగ్గుతుంటే వాల్వు సీటింగ్ బాగోలేదన్నమాట, ముందు ఆ పని చూడాలి. నాలుగు గుంటల మధ్య 1 సీసీ కంటే తేడా ఉంటే చిన్నవాటిని గీకి పెద్దదానితో సమం చేయాలి. పిస్టన్ ఎత్తును డయల్ గేజ్‌తో గజన్ పిన్ వరస మీదే చూడాలి. పక్కన పెడితే పిస్టన్ ఊగి తప్పు చూపిస్తుంది.

పిస్టన్ పైకి జరిగింది కాబట్టి వాల్వులు తగలకుండా చూసుకోవాలి. పిల్లలు ఆడుకునే మట్టిముద్దను పిస్టన్ తల మీద అద్ది, పాత గ్యాస్కెట్‌తో హెడ్ బిగించి, ట్యాపెట్లు సరిచేసి, క్రాంక్‌ను చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పి విప్పండి. మట్టిని బ్లేడుతో కోసి చూస్తే ఇన్‌టేక్ దగ్గర 2 మి.మీ., ఎగ్జాస్ట్ దగ్గర 2.5 మి.మీ.కి తగ్గకూడదు. పాకెట్ లోతు చేయాల్సి వస్తే పదునైన అంచులు సన్న ఎమరీతో గుండ్రం చేయాలి. లేకపోతే ఆ అంచే ఎర్రగా కాలి, స్పార్క్ రాకముందే పెట్రోలును అంటిస్తుంది.

నాకింగ్ (కంప్రెషన్ ఎక్కువై మిశ్రమం తనంతట తాను పేలినట్టు కాలడం) భయంతో మందం గ్యాస్కెట్ వేసే అలవాటు ఒకటుంది. అది తరచూ బెడిసికొడుతుంది. పిస్టన్ చదును భాగానికీ హెడ్‌కీ మధ్య 1 నుంచి 1.2 మి.మీ. ఉంటేనే మిశ్రమం గట్టిగా చిమ్మి, బాగా కలిసి త్వరగా కాలుతుంది. ఆ సందు పెరిగేకొద్దీ నిష్పత్తి తగ్గినా నాకింగ్ మిగిలే ఉంటుంది. కంప్రెషన్ తగ్గించాలంటే హెడ్ గుంటలోనో పిస్టన్ డిష్‌లోనో లోహం తీయాలి. పిస్టన్‌కీ హెడ్‌కీ మధ్య సందు మాత్రం 0.8 మి.మీ. కంటే తగ్గనీయకండి.

పిస్టన్లు చేతికి రాకముందే బ్లాక్‌ను రీబోర్‌కి (అరిగిన సిలిండర్ గోడ గీసి వెడల్పు చేయడానికి) పంపడం ఇంకో పొరపాటు. పోత పిస్టన్‌కి గోడతో 0.04 మి.మీ. సందు చాలు, ఫోర్జ్‌డ్ పిస్టన్‌కి 0.08 దాకా కావాలి. తయారీదారు చెప్పిన కొలతకు, ఆ పిస్టన్‌ని చూపించే బోర్ చేయించాలి. రింగును పిస్టన్‌తో బోర్‌లోకి తిన్నగా నెట్టి, ఫీలర్ గేజ్‌తో చూస్తే 80 మి.మీ. బోర్‌లో పై రింగు కొసల మధ్య కనీసం 0.32 మి.మీ. ఖాళీ ఉండాలి. వేడికి రింగు కొసలు ఢీకొంటే పిస్టన్ రింగు గాడి విరుగుతుంది. నింద మాత్రం పిస్టన్ మీద పడుతుంది. తల మీది బాణం గుర్తు ముందువైపు ఉండాలని, పాత సర్క్లిప్పులు (గజన్ పిన్ జారకుండా ఆపే క్లిప్పులు) మళ్లీ వాడకూడదని వేరే చెప్పక్కర్లేదు.

ఇంత చేస్తే లాభమెంత? సిద్ధాంతం లెక్కన 8 నుంచి 9.15కి వెళితే దాదాపు 4 శాతం. అంటే 75 హార్స్‌పవర్ ఇంజిన్‌కి మరో మూడు. బోర్ బాగుంటే దీని కోసమే ఇంజిన్ విప్పమని మేం చెప్పం. రీబోర్ ఎలాగూ తప్పనప్పుడు చేయించుకోవచ్చు.

స్పార్క్‌ను ప్లగ్గులకు పంచే డిస్ట్రిబ్యూటర్ ఉన్న పాత ఇంజిన్‌లో నాక్ సెన్సర్ ఉండదు, చెవే సెన్సర్. టైమింగ్ (స్పార్క్ వచ్చే సమయం) 3 డిగ్రీలు వెనక్కి పెట్టి, ప్లగ్ ఒక మెట్టు చల్లనిది వేసి, ఎక్కువ ఆక్టేన్ పెట్రోలు పోసి, ఎత్తు రోడ్డు మీద టాప్ గేరులో తక్కువ వేగం నుంచి యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కి చూడండి. డబ్బాలో గులకరాళ్లు ఆడించినట్టు చప్పుడొస్తే వెంటనే కాలు తీసి, మరో 2 డిగ్రీలు వెనక్కి పెట్టండి. అయినా పోకపోతే డిస్ట్రిబ్యూటర్ లోపలి బరువుల స్ప్రింగులు సాగాయేమో చూడాలి. సాగితే తక్కువ వేగంలోనే అడ్వాన్స్ (స్పార్క్ ముందుకు జరగడం) పూర్తిగా వచ్చేస్తుంది.

ఇట్లు,
ఇంజిన్ రీకండిషనింగ్ పనివాళ్లం