పసిపిల్లల ఆపరేషన్: ఎప్పటిదాకా తినొచ్చో రాసివ్వండి

సంపాదకుడు గారికి నమస్కారం.

ఉదయగిరి, ఆత్మకూరు వంటి మెట్ట ప్రాంతాల నుంచి ఆపరేషన్ కోసం నెల్లూరు వచ్చే చిన్నపిల్లల గురించి రాస్తున్నాను. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు అంగన్‌వాడీల్లో పిల్లల్ని పరీక్షించి, గ్రహణమొర్రి, హెర్నియా లాంటివి ఉంటే పెద్దాసుపత్రికి పంపుతున్నాయి. ఇది ఎంతో మేలు చేస్తున్న పని. ఆపరేషన్ ముందురోజు తల్లికి చెప్పే మాటల దగ్గరే లోపం ఉంది.

“రాత్రి పన్నెండు దాటినాక పచ్చి మంచినీళ్లు కూడా పొయ్యొద్దన్నారు టీచర్” అని తల్లులు అంగన్‌వాడీ కార్యకర్తనైన నాతో చెబుతుంటారు. లోపలికి పిలిచేది మధ్యాహ్నం ఒంటిగంటకైతే మూడేళ్ల బిడ్డ పదమూడు గంటలు నోరెండిపోయి ఉండాలా? మత్తులో ఉన్నప్పుడు కడుపులోది పైకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణానికే ముప్పు, కాబట్టి కడుపు ఖాళీగా ఉండాల్సిందే. కానీ దానికి ఒక లెక్క ఉంది. అన్నం, ఇడ్లీ, బిస్కెట్లు, గేదెపాలు మత్తుకు ఆరు గంటల ముందు ఆపాలి. తల్లిపాలు నాలుగు గంటల ముందు వరకు పట్టొచ్చు. మంచినీళ్లయితే రెండు గంటల ముందు వరకు ఇవ్వొచ్చు. మత్తు డాక్టర్లకు ఇది తెలియంది కాదు, తల్లి దాకా రావడం లేదంతే. కారణం చెప్పకుండా వద్దంటే, బిడ్డ ఏడుపు చూడలేక అవ్వ చాటుగా బిస్కెట్ పెడుతుంది. తిడతారని ఆ సంగతి డాక్టరు దగ్గర దాస్తారు. అసలు ప్రమాదం అదే.

జలుబు, దగ్గు కూడా ఇలాగే దాస్తున్నారు. మత్తిచ్చేటప్పుడు జలుబున్న బిడ్డకు ఊపిరి అందకుండా గొంతు బిగుసుకుపోవచ్చు. అందుకని కొన్ని వారాలు వాయిదా వేస్తారు. కూలి పోగొట్టుకుని, సుమారు వంద కిలోమీటర్లు బస్సులో వచ్చిన మనిషికి ఆ మాట వినడం ఎంత కష్టమో ఆలోచించండి. వాయిదా వేసిన రోజే కొత్త తేదీ రాసిస్తే ఎవరూ దాచరు.

ఇంట్లో మనం చేయాల్సిందీ ఉంది. “అన్నం తినకపోతే సూది వేయిస్తా” అని బెదిరించి పెంచిన బిడ్డను థియేటర్ గుమ్మం దగ్గర ఎవరు ఓదార్చగలరు? తిరునాళ్లకు పోదామని అబద్ధం చెప్పి తీసుకురావొద్దు. రెండు మూడు రోజుల ముందే, ముక్కు మీద మాస్కు పెడతారని, నిద్ర పడుతుందని, లేచాక కొంచెం నొప్పి ఉంటుందని చెప్పండి. బొమ్మకు మాస్కు పెట్టి ఆడిస్తే పిల్లలు త్వరగా అర్థం చేసుకుంటారు. ఆ పని అంగన్‌వాడీల్లో మేం చేయగలం.

జిల్లాలోని ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రులకు నా మనవి: ఏది ఏ గంట వరకు పెట్టొచ్చో తెలుగులో చీటీ రాసి, చదువురాని తల్లికి చదివి వినిపించండి. ఆపరేషన్ల జాబితాలో చిన్నపిల్లల్ని ముందు పెట్టండి. బిడ్డకు మత్తు పట్టేదాకా, డాక్టరుకు అభ్యంతరం లేకపోతే, తల్లిని పక్కన ఉండనివ్వండి. జిల్లా వైద్యాధికారులు ఈ చీటీ నమూనాను అంగన్‌వాడీలకూ పంపితే ఊళ్లోనే ముందుగా చెప్పి పంపిస్తాం.

— ఒక అంగన్‌వాడీ కార్యకర్త,
ఆత్మకూరు, నెల్లూరు జిల్లా