నడుస్తున్న సర్వర్ నుంచి ప్రాసెసర్ల బలవంతపు తొలగింపుపై ఫిర్యాదు

గుంటూరు,
మార్చి 2.

వినియోగదారుల సేవా విభాగాధిపతి గారికి,

విషయం: మా వర్చువల్ సర్వర్‌కు నడుస్తుండగా ప్రాసెసర్లను చేర్చడంలోను, తొలగించడంలోను జరిగిన లోపాలు, ఫిబ్రవరి 21 రాత్రి మీ వ్యవస్థ చేసిన బలవంతపు రీబూట్, పరిహారం, సవరణల గురించి.

ఆర్యా,

గుంటూరు పరిసరాల్లోని మిర్చి శీతల గిడ్డంగులకు కాటా చీటీలు, బాండ్లు, అద్దె ఖాతాలు రాసిపెట్టే సాఫ్ట్‌వేర్‌ను నడుపుతున్న చిన్న సంస్థ మాది. ఆ సాఫ్ట్‌వేర్ అంతా మీ దగ్గర అద్దెకు తీసుకున్న ఒకే ఒక వర్చువల్ సర్వర్ (పెద్ద యంత్రంలో సాఫ్ట్‌వేర్‌తో విడదీసిన ఒక వాటా) మీద నడుస్తుంది; దాని బాగోగులు చూసుకునే బాధ్యత నాది. ఏడాదిలో ఎక్కువ నెలలు ఆ సర్వర్‌కు పెద్ద పని ఉండదు. జనవరి చివర కొత్త పంట రావడం మొదలైన దగ్గర నుంచి ఏప్రిల్ దాకా మాత్రం పొద్దున్నుంచి అర్ధరాత్రి వరకు టిక్కీలు (మిర్చి బస్తాలు) దిగుతూనే ఉంటాయి, ప్రతి ఏసీ (శీతల గిడ్డంగి) గేటు ముందూ లారీలు, ట్రాక్టర్లు బారులు తీరి ఉంటాయి. ఈ మూడు నెలల రద్దీ కోసం పెద్ద సర్వర్‌ను ఏడాది పొడవునా భరించలేక, అవసరమైనప్పుడు ప్రాసెసర్లు పెంచుకుని, అవసరం తీరాక తగ్గించుకునే మీ పథకంలో చేరాం. ప్రాసెసర్ల సంఖ్య మార్చడానికి సర్వర్‌ను ఆపనక్కర్లేదని, రీబూట్ చేయనక్కర్లేదని మీ ఒప్పందంలోనే రాసి ఉంది. మేము మీకు డబ్బు కట్టింది ఆ ఒక్క వాక్యాన్ని నమ్మే.

ఫిబ్రవరి 3న మీ కంట్రోల్ ప్యానెల్‌లో ప్రాసెసర్ల సంఖ్యను 8 నుంచి 16కు మార్చాను. నిమిషం తిరక్కుండా ఆకుపచ్చ గుర్తు వచ్చింది, ఆ గంట నుంచే 16 ప్రాసెసర్లకు బిల్లు మొదలైంది. సర్వర్ మాత్రం మునుపటిలాగే ఆయాసపడుతూ ఉంది. తప్పు మా డేటాబేస్ క్వెరీల్లో ఉందనుకుని పదకొండు రోజులు వాటినే తిరగరాస్తూ కూర్చున్నాను. 14వ తేదీ ఉదయం సిస్టమ్‌లో ప్రాసెసర్ల వివరాలుండే డైరెక్టరీని తెరిచి చూస్తే, ‘ప్రెజెంట్’ అనే ఫైలులో 0-15 అని, దాని పక్కనే ఉన్న ‘ఆన్‌లైన్’ అనే ఫైలులో 0-7 అని ఉంది. అంటే మీరిచ్చిన ఎనిమిది ప్రాసెసర్లూ వచ్చి గడప దగ్గరే నిలబడిపోయాయి, ఒక్కటీ పనిలోకి దిగలేదు.

మా సర్వర్‌లో నడిచే లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో ప్రాసెసర్ కనబడటం వేరు, పనిలోకి రావడం వేరు అన్న సంగతి మీ ఇంజినీర్లకు తెలియనిది కాదు. హైపర్‌వైజర్ (వర్చువల్ సర్వర్లను నడిపే మీ సాఫ్ట్‌వేర్) కొత్త ప్రాసెసర్‌ను అందించినప్పుడు కెర్నల్, అంటే లైనక్స్ కేంద్ర భాగం, దాన్ని నమోదు చేసుకుంటుంది గానీ, దానికి సంబంధించిన ‘ఆన్‌లైన్’ ఫైలులో 1 అని రాసేదాకా దానికి ఏ పనీ అప్పగించని పరిస్థితి ఉంటుంది. ఆ 1 రాసే పని యూడెవ్ (కొత్త పరికరం రాగానే ఏం చేయాలో చూసే లైనక్స్ భాగం) నియమం ఒకటి చేస్తుంది. ఒక్క వరుస చాలు. కొన్ని లైనక్స్ పంపిణీల్లో అది ముందే ఉంటుంది. మేము వాడుతున్న ఇమేజ్‌ను (ముందే అమర్చి ఉంచిన ఆపరేటింగ్ సిస్టమ్ ప్రతిని) తయారుచేసి ఇచ్చింది మీరు, అందులో ఆ వరుస లేదు. నేను చేత్తో ఒక్కొక్క ఫైలులో 1 రాసుకుంటూ పోతే, ఎనిమిదోది పూర్తయ్యేసరికి గేట్ల దగ్గర చీటీ అచ్చయ్యే ఆలస్యం పోయింది. పదకొండు రోజుల తిప్పలకు మందు అదేనని తెలిసినప్పుడు నాకు కలిగిన బాధ ఇక్కడ రాయను. కానీ అదే రోజు నేను పెట్టిన టికెట్‌కు, ఆపరేటింగ్ సిస్టమ్ లోపలి వ్యవహారాలు ఖాతాదారు బాధ్యత అని మీరు జవాబిచ్చారు. ఇమేజ్ మీది, ప్యానెల్ మీది, పని పూర్తయిందని చెప్పిన ఆకుపచ్చ గుర్తు మీది. అలాంటప్పుడు ఇది మా బాధ్యత ఎలా అవుతుందో దయచేసి ఆలోచించండి.

ఈ సందర్భంలోనే మరొక మాట. మీ ప్రకటనలో ప్రాసెసర్లను ఎన్నైనా చేర్చుకోవచ్చు అని ఉంది. అది నిజం కాదు. కెర్నల్ బూట్ అయ్యేటప్పుడే గరిష్ఠంగా ఎన్ని ప్రాసెసర్లు రావచ్చో లెక్కగట్టి, ఒక్కో దానికి కావలసిన మెమరీని విడిగా కేటాయించుకుంటుంది. ఆ సంఖ్యను దాటాలంటే రీబూట్ తప్పదు. మా సర్వర్‌కు ఆ హద్దు 16. ప్రకటనలో ఆ ముక్క రాస్తే మీకు నష్టం ఏమీ లేదు.

14వ తేదీ నుంచి, ఆ యూడెవ్ వరుసను నేనే చేర్చుకుని, మీ ప్యానెల్‌లోనే ఉన్న సమయపట్టిక సదుపాయాన్ని వాడుకుని, రోజూ రాత్రి 10:30కు 8 ప్రాసెసర్లను తగ్గించి, ఉదయం 6 గంటలకు తిరిగి చేర్చేలా పెట్టుకున్నాం. రెండు రోజుల్లోనే డేటాబేస్ మళ్లీ నెమ్మదించింది. అప్పటికి 16 ప్రాసెసర్లూ ఆన్‌లైన్‌లోనే ఉన్నాయి. వెతగ్గా వెతగ్గా తేలిందేమంటే, డేటాబేస్‌ను 4 నుంచి 11 వరకు ఉన్న ప్రాసెసర్లకు పరిమితం చేస్తూ నేను రాసుకున్న సీపీయూసెట్‌లో (ఒక ప్రోగ్రామ్ ఏ ప్రాసెసర్ల మీద నడవాలో చెప్పే జాబితాలో) రాత్రి తొలగింపు తర్వాత 4-7 మాత్రమే మిగిలింది, ఉదయం ప్రాసెసర్లు తిరిగి వచ్చినా ఆ జాబితా పాత స్థితికి రాలేదు. మీ ఇమేజ్ వాడుతున్న మొదటి తరం సీగ్రూప్‌లలో (ప్రోగ్రామ్‌లకు వనరులు పంచే లైనక్స్ ఏర్పాటులో) ప్రాసెసర్ పోగానే జాబితా నుంచి దాని పేరు కొట్టివేయబడుతుంది, తిరిగి వచ్చినప్పుడు ఎవరూ రాయరు. రెండో తరంలో మనం రాసిన జాబితాను అలాగే ఉంచి, అమల్లో ఉన్న జాబితాను విడిగా చూపిస్తారు గనుక ఈ చిక్కు రాదు. ఈ విషయంలో నేను మీ మీద నేరం మోపడం లేదు, సీపీయూసెట్ రాసుకున్నది నేనే. కాకపోతే రోజూ తీసి పెట్టే సదుపాయాన్ని అమ్ముతున్నప్పుడు, పాత తరం సీగ్రూప్‌లతో ఇమేజ్ ఇస్తున్నప్పుడు, మీ సహాయ పత్రంలో ఒక హెచ్చరిక ఉండాల్సింది.

ఇక ఫిబ్రవరి 21 రాత్రి విషయం. ఈ లేఖ రాయడానికి అసలు కారణం అదే.

ఆ రోజు పల్నాడు వైపు నుంచి లోడ్లు ఆలస్యంగా వచ్చాయి, రాత్రి పదిన్నరకు కూడా కాటాల మీద పని ఆగలేదు. సరిగ్గా ఆ సమయానికి మీ ప్యానెల్ తొలగింపు మొదలుపెట్టింది. మా లాగ్‌లు ఎప్పటికప్పుడు వేరే మెషీన్‌కు కూడా వెళ్తుంటాయి కనుక ఆ తర్వాత ఏం జరిగిందో సెకన్లతో సహా మా దగ్గర ఉంది. 15, 14, 13, 12 నంబర్ల ప్రాసెసర్లు మూడు సెకన్లలో ఒకదాని వెంట ఒకటి సవ్యంగా ఆఫ్‌లైన్ అయ్యాయి. 11 దగ్గర ఆగింది. అక్కడి నుంచి లాగ్‌లో ఏమీ లేదు. తర్వాత 3వ ప్రాసెసర్ 22 సెకన్ల పాటు స్తంభించిపోయిందని కెర్నల్ వాచ్‌డాగ్ (ప్రాసెసర్లు కదులుతున్నాయో లేదో కనిపెట్టే కాపలా) రాసిన వరుస ఒకటి ఉంది. మరి కొద్ది సెకన్లకు లాగ్ అర్ధాంతరంగా తెగిపోయింది. కెర్నల్ మూతపడుతున్నప్పుడు రాసే వరుసలు ఒక్కటీ లేవు, ఎందుకంటే అది మూతపడలేదు, కరెంటు తీసేసినట్టు మీ వ్యవస్థ దాన్ని ఆపి మళ్లీ లేపింది. 30 సెకన్లలో గెస్ట్ (అంటే మా వర్చువల్ సర్వర్) నుంచి స్పందన రాకపోతే రీసెట్ చేయడం మా విధానం అని మరునాడు మీరే రాశారు.

ఒక ప్రాసెసర్‌ను తీసేయాలంటే కెర్నల్ ముందుగా దాని మీద ఉన్న పనులను, టైమర్లను, ఇంటరప్ట్‌లను (పరికరాల నుంచి వచ్చే పిలుపులను) పక్క ప్రాసెసర్లకు అప్పజెప్పాలి. అందులో ఒక ఘట్టంలో ఆన్‌లైన్‌లో ఉన్న ప్రాసెసర్లన్నీ చేస్తున్న పని ఆపి, ఇంటరప్ట్‌లు మూసుకుని, ఒక్క క్షణం ఒకే చోట నిలబడాలి. మామూలుగా అది కనురెప్పపాటు వ్యవహారం. వర్చువల్ మెషీన్‌లో మాత్రం, ఆ ప్రాసెసర్లలో ఏ ఒక్కదానికి హోస్ట్ (వర్చువల్ సర్వర్లను మోసే మీ అసలు యంత్రం) నుంచి వంతు రాకపోయినా, మిగిలినవన్నీ దాని కోసం కాచుకుని నిలబడతాయి. ఆ నిమిషంలో మా సర్వర్ నమోదు చేసిన స్టీల్ సమయం, అంటే మా ప్రాసెసర్లు పని చేయడానికి సిద్ధంగా ఉండి కూడా హోస్ట్ ఖాళీ లేక ఎదురుచూసిన సమయం, 40 శాతం దాటి ఉంది. ఆ గణాంకాలు ఈ లేఖతో జతపరిచాను. నేను వీటిని చదివినంతలో, ఆ రాత్రి మీ హోస్ట్ మీద మోయగలిగిన దానికంటే ఎక్కువ భారం ఉంది, మా గెస్ట్ స్పందించలేకపోయింది అందువల్లే. హోస్ట్ దగ్గర వంతు ఇవ్వకుండా ఆపి, గెస్ట్ జవాబివ్వలేదని దాన్ని పడగొట్టడం ఏ న్యాయం ప్రకారమూ సరికాదు.

గేటు దగ్గర ఏం జరిగిందో కూడా మీకు తెలియాలి. ఒక రైతు 62 టిక్కీల తేజ రకంతో వచ్చాడు. నిండు లారీ కాటా ఎక్కింది, గుమాస్తా మీట నొక్కాడు, చీటీ సగం అచ్చయి ఆగింది. లారీ నంబరు ఉంది, రకం ఉంది, టిక్కీల సంఖ్య ఉంది, తూకం గడి ఖాళీగా ఉంది. పని అయిపోయిందనుకుని లారీని లోపలికి పంపారు, ముఠా కూలీలు సరుకు దించడం మొదలుపెట్టారు. సర్వర్ లేచి, డేటాబేస్ తన లాగ్‌ను తిరిగి చదువుకుని సర్దుకునేసరికి 14 నిమిషాలు పట్టింది. చూస్తే ఆ తూకం నమోదు కాలేదు. సగం సరుకు దిగిపోయిన లారీని మళ్లీ నిండు లారీగా తూచలేరు కదా. ఆ 62 టిక్కీలనూ ఒక్కొక్కటిగా చిన్న కాటా మీద పెట్టి తూచారు. సరుకు దాచినట్టు ఏసీ ఇచ్చే బాండు చేతికొస్తేనే బ్యాంకులో అప్పు పుడుతుంది గనుక, కాగితం మీద రాసిచ్చిన లెక్క పట్టుకుని ఆ రైతు వెళ్లలేడు. రాత్రి ఒకటిన్నర దాకా గేటు దగ్గరే కూర్చున్నాడు. అలాంటి లోడ్లు ఆ రాత్రి అన్ని ఏసీల్లో కలిపి తొమ్మిది. ముఠావాళ్ల అదనపు కూలి మేమే ఇచ్చుకున్నాం.

దీనికి మీ రెండో జవాబులో, నడుస్తున్న ఆపరేటింగ్ సిస్టమ్ నుంచి ప్రాసెసర్లను తీయడం ఇంకా పరిపక్వం కాని సాంకేతికత కాబట్టి అప్పుడప్పుడు ఇలాంటివి సహజమని రాశారు. ఈ మాటను నేను ఒప్పుకోలేను. సన్ సంస్థ 1997లో తెచ్చిన ఎంటర్‌ప్రైజ్ 10000 సర్వర్‌లో సొలారిస్ ఆపరేటింగ్ సిస్టమ్ నడుస్తుండగానే ప్రాసెసర్లున్న బోర్డులను తీసేవారు. ఐబీఎం పవర్ సర్వర్లలో 2002 నాటి ఏఐఎక్స్ 5.2 ఆపరేటింగ్ సిస్టమ్ నుంచే ప్రాసెసర్లను ఒక విభాగం నుంచి ఇంకో విభాగానికి నడుస్తుండగా మార్చుకుంటున్నారు. లైనక్స్‌లో ఈ సదుపాయం 2.6 కెర్నల్ కాలం నాటిది. 2016లో కెర్నల్ డెవలపర్ థామస్ గ్లెయిక్స్‌నర్ ఆధ్వర్యంలో దాన్ని మెట్లు మెట్లుగా నడిచే పద్ధతిలో తిరగరాశారు. లైనక్స్ నడిచే ల్యాప్‌టాప్‌ను మెమరీకి మాత్రమే కరెంటు ఉండేలా (సస్పెండ్-టు-ర్యామ్) నిద్రపుచ్చిన ప్రతిసారీ మొదటి ప్రాసెసర్ తప్ప మిగిలినవన్నీ ఇదే దారిలో ఆఫ్‌లైన్ అవుతాయి.

ఆ మెట్ల పద్ధతిలో ఉన్న గొప్పతనం ఏమిటంటే, తొలగింపు మధ్యలో ఏదైనా మెట్టు కుదరదని చెబితే కెర్నల్ అప్పటిదాకా దిగిన మెట్లన్నీ తిరిగి ఎక్కి, ప్రాసెసర్‌ను మునుపటిలా పనిలో పెడుతుంది, పైగా ఆ సంగతిని ఏసీపీఐ (ఆపరేటింగ్ సిస్టమ్, యంత్రం మాట్లాడుకునే ప్రామాణిక పద్ధతి) ద్వారా హైపర్‌వైజర్‌కు తెలియజేస్తుంది. తొలగింపు అనేది హోస్ట్ చేసే విన్నపం. అవునో కాదో చెప్పాల్సింది లోపల నడుస్తున్న ఆపరేటింగ్ సిస్టమ్. ఫిబ్రవరి 21 రాత్రి మీ ప్యానెల్ ఏమీ చేయకుండా ఊరుకుని ఉంటే, హోస్ట్ మీద భారం తగ్గాక 11వ ప్రాసెసర్ కూడా దిగిపోయేది, లేదా తెల్లారేదాకా అలాగే ఉండేది. మాకు నాలుగు ప్రాసెసర్ల అద్దె కొన్ని గంటలు ఎక్కువయ్యేది. అంతకు మించి ఎవరికీ ఏ నష్టమూ జరిగేది కాదు.

కాబట్టి నేను కోరేది ఇది. తొలగింపుకు గెస్ట్ అంగీకరించకపోయినా, ఆలస్యం చేసినా రీసెట్ చేసే విధానాన్ని మా సర్వర్‌కే కాక ఈ పథకంలో ఉన్నవారందరికీ వెంటనే ఆపండి, ప్యానెల్‌లో ఎర్ర గుర్తు చూపించి, మాకు సందేశం పంపితే చాలు. ఆకుపచ్చ గుర్తును, బిల్లును గెస్ట్‌లో ప్రాసెసర్ నిజంగా ఆన్‌లైన్ అయిన తర్వాతే మొదలుపెట్టండి. ఫిబ్రవరి 3 నుంచి 14 వరకు వాడని ఎనిమిది ప్రాసెసర్లకు వసూలు చేసిన మొత్తాన్ని వాపసు ఇవ్వండి. 21వ తేదీ అంతరాయానికి ఒప్పందంలోని సేవాలోప నిబంధన ప్రకారం రావలసిన పరిహారాన్ని, మేము చెల్లించిన కూలి ఖర్చును కలిపి లెక్కించండి. మీ ఇమేజ్‌లో యూడెవ్ నియమాన్ని చేర్చండి, సీపీయూసెట్ల గురించి సహాయ పత్రంలో రాయండి. అన్నిటికంటే ముఖ్యంగా, ఆ రాత్రి 10:30 నుంచి 10:45 వరకు మా సర్వర్ ఉన్న హోస్ట్ మీద ఎన్ని వర్చువల్ ప్రాసెసర్లు నడుస్తున్నాయో, నిజమైన కోర్లు ఎన్ని ఉన్నాయో లిఖితపూర్వకంగా తెలియజేయండి. ఆ రెండు అంకెలు చూస్తే నా అంచనా తప్పో ఒప్పో తేలిపోతుంది; తప్పైతే ఆ భాగాన్ని వెనక్కి తీసుకుంటానని ఇక్కడే రాసి ఇస్తున్నాను.

ప్రస్తుతానికి రాత్రి తొలగింపును నేను ఆపివేశాను. 16 ప్రాసెసర్లూ పగలూ రాత్రీ నడుస్తున్నాయి, ఆ అదనపు అద్దె మా మీద పడుతోంది. సీజన్ ఇంకా రెండు నెలలు ఉంది. ఈ లేఖ అందిన పదిహేను రోజుల్లోగా, టికెట్ వ్యవస్థలోని తయారు జవాబు కాకుండా, విషయం తెలిసిన ఇంజినీరు సంతకంతో సమాధానం పంపవలసిందిగా కోరుతున్నాను.

జతపరిచినవి: ఫిబ్రవరి 14 నాటి ప్రాసెసర్ల జాబితా, ఫిబ్రవరి 21 నాటి కెర్నల్ లాగ్, స్టీల్ సమయ గణాంకాలు, మీ రెండు జవాబులు, సగం అచ్చయిన కాటా చీటీ నకలు.

భవదీయుడు,
(సంతకం)
సర్వర్ల నిర్వహణ బాధ్యుడు